చీటీలో వచ్చిన పక్షం

సోమవారం

చీటీ తీశాను. తీసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలి.

లైబ్రరీ మేడ మీద మా పెద్దవాళ్ళ చర్చా సంఘం. అధ్యక్షుడు జడ్జిగారు. రిటైరై ఎన్నేళ్ళయినా ఎవరు తుమ్మినా "నమోదైంది" అంటాడు. ఈ శనివారం కాక పై శనివారం పోటీ. విషయం: గర్భస్రావాన్నీ గర్భనిరోధక సాధనాల్నీ వ్యతిరేకించడం సబబే. సబబే అనడానికి ఒకరు, కాదనడానికి ఒకరు. ఎవరు ఏ పక్షమో చీటీ చెబుతుంది. సొంత అభిప్రాయాలు చెప్పులతో పాటు మెట్ల దగ్గర విడిచి రావాలన్నది సంఘం మొదటి నియమం.

నాకు "సబబే" వచ్చింది.

నాకు! బడిలో జీవశాస్త్రం చెప్పిన రోజుల్లో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మిగతా టీచర్లు "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేస్తుంటే, కిటికీలు బార్లా తీసి మరీ చెప్పినదాన్ని. ఆడపిల్ల ఒంటి మీద మాట ఆడపిల్లదే అని బల్ల గుద్దినదాన్ని. దేవుడితో నాకు పేచీ లేదు. పరిచయం లేదు, అంతే.

రెండో చీటీ, "సబబు కాదు", ఎవరికి వచ్చిందయ్యా అంటే మా వియ్యపురాలికి. పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన, లిఫ్టు ఆలస్యమైతే మధ్యలో ఇంకోటి. చీటీ విప్పినప్పుడు ఆవిడ మొహం చూడాలి, పంచదార అనుకుని సబ్బుపొడి నోట్లో వేసుకున్నట్టుంది.

"మార్చుకుంటాం జడ్జిగారూ" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఇన్నేళ్ళ వియ్యంలో మేమిద్దరం ఒకే మాట అనడం ఇదే మొదలు.

"కుదరదమ్మా. నమోదైంది."

మంగళవారం

వియ్యపురాలు ఎదురు ఫ్లాటు లోంచి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది.

"వదినగారూ, ఇప్పుడేం దారి? మీ మాటలు నేను మాట్లాడాలి, నా మాటలు మీరు మాట్లాడాలి."

"మాట్లాడ్డమే కాదు. రెండో నియమం మర్చిపోయారా? ముందు ఎదుటివాళ్ళ వాదన వాళ్ళకంటే బాగా చెప్పాలి. వాళ్ళు విని తల ఊపితేనే మన వంతు మొదలు."

"అంటే మీ మాటా నేనే చెప్పి, నా మాటా నేనే చెప్పాలా?"

"ఆ."

"దేవుడా."

"ఆయన్ని పిలవకండి, ఆయన నా పక్షం ఇప్పుడు."

నవ్వింది. నవ్వితే ఆవిడ మంచి మనిషిలాగే ఉంటుంది. చివరికి ఒప్పందం కుదిరింది: ఆవిడ నాకు నేర్పాలి, నేను ఆవిడకి నేర్పాలి.

మేము ఇలా గదమాయించుకుంటుంటే గడుగ్గాయి వచ్చి కూర్చుంది. మా ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్కగానొక్క మనవరాలు. నా కూతురికీ ఆవిడ కొడుక్కీ ఓడ మీద ఉద్యోగాలు కాబట్టి దీన్ని పెంచింది మేమే. ఒక చెవిలో నేను, ఒక చెవిలో ఆవిడ. ఇప్పుడు మెట్రో రైలు నడుపుతోంది. పళ్ళ డాక్టర్ని చేసుకుని పై అంతస్తులో కాపురం. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి ఏ ఇంట్లో వాసన బావుంటే ఆ ఇంట్లో తింటుంది. ఇవాళ ఏ ఇంట్లోనూ తినలేదు.

డిపోలో కొత్త డ్రైవర్లకి నేర్పే శిక్షకుల పోస్టు ఒకటి ఖాళీ అయింది. అందులో ఇంతవరకు ఆడవాళ్ళెవరూ లేరు. ఈసారి వరస దీనిదే. ఆ కబురేమో చెబుతుందనుకుంటే దాని స్నేహితురాలి గోడు చెప్పింది. ఆ పిల్లకి నెల తప్పిందని తెలియగానే రైలు దింపేసి పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చోబెట్టారట. గొడుగులకి కాపలా. ప్రమోషన్ వరస కూడా వెనక్కి జరిపేశారట.

"నియమమా?" అన్నాను.

"ఆనవాయితీ" అంది, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

చర్చ గురించి చెప్పేలోపే పోయింది. ఎప్పుడూ అంతే, దానికి కాలు నిలవదు.

గురువారం

మొదటి పాఠం. వియ్యపురాలు గురువు, నేను శిష్యురాలిని. కలికాలం.

"రాసుకోండి" అంది. నన్ను! "ప్రాణం మనది కాదు. మన చేతికిచ్చి చూస్తూ ఉండమన్నాడు. చూసుకునేవాళ్ళు పారెయ్యకూడదు. అందులోనూ ఏ తప్పూ చెయ్యనిదాన్ని."

"గర్భనిరోధకమో? అక్కడ ఇంకా ప్రాణమే లేదుగా."

"లేదు. కానీ గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళని 'నువ్వు రా, నువ్వొద్దు' అనడానికి ఇల్లు కట్టింది నేనా? దంపతుల కలయికనీ దాని ఫలాన్నీ విడదియ్యకూడదు వదినగారూ. ఒకటి పుచ్చుకుని రెండోది వెనక్కి పంపడం మర్యాద కాదు."

ఆవిడకి ఇది మర్యాదకి సంబంధించిన సంగతని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. నేను చట్టం అనుకున్నాను.

"మరి మీకు ఒక్కడేగా?" అన్నాను. నా నోటికి తాళం లేదు.

"నిలిచింది ఒక్కడు."

కప్పు కింద పెట్టింది. నిలవని వాళ్ళకి కూడా పేర్లు పెట్టుకుందట. నెల తిరక్కుండా పోయినదానికి కూడా. రోజూ పొద్దున్న ప్రార్థనలో ఆ పేర్లన్నీ చదువుతుందట. తన కొడుకు పేరూ, నా కూతురి పేరూ, గడుగ్గాయి పేరూ అయ్యాక.

"అది మనిషి కాదు, ఏదో కండ ముక్క అని డాక్టరమ్మ ఓదార్చింది. ఆవిడ మంచికే అంది. కానీ నాకు పోయింది కండ ముక్క కాదు కదా."

జీవశాస్త్రంలో దీనికి జవాబు ఉందేమో వెతుక్కున్నాను. టీ తాగాను.

శుక్రవారం

గడుగ్గాయి ఇవాళా తినలేదు. షిఫ్టు మారిందేమో.

ఆదివారం

ఇవాళ నేను గురువుని. ఆవిడ మొద్దు శిష్యురాలు.

"ఈ మాట నా నోటితో ఎలా అంటాను వదినగారూ?"

"నోరు మీది. మాట చీటీది. అనండి."

"తల్లి కావాలో వద్దో... తల్లే చెప్పాలి."

"గట్టిగా. వెనక బెంచీ వాళ్ళకి వినపడాలి."

"తల్లి కావాలో వద్దో తల్లే చెప్పాలి! ఇప్పుడు వద్దనుకున్న ఆడదాన్ని పాపిష్ఠిదనే హక్కు ఎవరికీ లేదు! ... క్షమించు తండ్రీ."

"ఆ చివరి మాట తీసెయ్యండి."

ఆవిడ గొంతు మామూలుదా. బాల్కనీలో నిలబడి ఒకే వాక్యాన్ని ఎన్నిసార్లు అందో. పై అంతస్తు వాళ్ళు కిటికీ మూసుకున్నారు. మధ్యలో గడుగ్గాయి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడింది. నేను ఆమ్లెట్టు వేస్తానన్నాను. ఆమ్లెట్టు అనే మాటకే మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. మొహం పాలిపోయింది. ఎండదెబ్బ. నిమ్మకాయ నీళ్ళు పంపించాను.

సోమవారం

నా వాదన తయారవుతోంది. ఇబ్బంది ఏమిటంటే బాగానే తయారవుతోంది. దేవుణ్ణి బయట నిలబెట్టి కట్టాను, మతం లేనివాళ్ళు కూడా ఎందుకు కాదనవచ్చో చూద్దామని.

కొత్త ప్రాణి ఎప్పుడు మొదలవుతుందన్నది నమ్మకం సంగతి కాదు, నా బోర్డు మీద సంగతి. రెండు కణాలు కలిసిన క్షణం నుంచి అది తల్లీ కాదు, తండ్రీ కాదు, మూడోది. మిగిలిన ప్రశ్నల్లా దాన్ని ఎప్పటి నుంచి లెక్కలోకి తీసుకోవాలన్నదే. గుండె కొట్టుకున్నప్పుడా, నొప్పి తెలిసినప్పుడా, బయటికి వచ్చినప్పుడా? ఎక్కడ గీత గీసినా, గీసేది గీతకి ఇవతల క్షేమంగా ఉన్నవాళ్ళే. ఈ వాక్యం నాకు నచ్చింది. నచ్చడం నచ్చలేదు.

ఒక మనిషిని చంపడం ఎందుకు తప్పు? వాడి రేపులన్నీ లాక్కుంటాం కాబట్టి. కడుపులో ఉన్నదానికి ఉన్నవన్నీ రేపులే.

ఇంకోటి. ఆడపిల్లని తెలిసి వద్దనుకోవడం, కాలో చెయ్యో వంకరని తెలిసి వద్దనుకోవడం. రాకముందే ఏరివేసే అలవాటు బియ్యంతో ఆగదు.

గర్భనిరోధకం దగ్గరికి వచ్చేసరికి నా వాదన కుంటుతోంది. మాత్రలూ ఆపరేషన్లూ అన్నీ ఆడదాని ఒంటికే, మగాడు చేతులు దులుపుకుంటాడు అనొచ్చు. ప్రభుత్వాలు తలలు లెక్కపెట్టి ఆడవాళ్ళని ఆపరేషన్ బల్లలెక్కించాయి అనొచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఒంటిని జబ్బులా చూస్తున్నాం అనొచ్చు. అన్నీ నిజాలే. కానీ అవి మంచి సాధనాలు కావాలనడానికి కారణాలు తప్ప సాధనాలే వద్దనడానికి కావు. ఇక్కడ వియ్యపురాలి గుమ్మమే నయం, కనీసం నిటారుగా నిలబడుతుంది.

తలుపేసుకుని గదిలో ఒకసారి పైకి చదివాను. నా గొంతు కూడా తక్కువదేం కాదు.

మంగళవారం

నా అభిప్రాయం మారలేదు. రాసి పెట్టుకుంటున్నాను.

బుధవారం

మారలేదు.

గురువారం

ఇప్పటికి ఇల్లు సద్దుమణిగింది, రాస్తాను.

మధ్యాహ్నం గడుగ్గాయి వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. "శనివారం భోజనానికి రాలేను అమ్మమ్మా, క్లినిక్‌లో పనుంది" అంది.

"మీ ఆయన క్లినిక్‌లో నీకేం పని? పన్ను పీకించుకుంటావా?"

"ఆ క్లినిక్ కాదు."

గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆమ్లెట్టు. నిమ్మకాయ నీళ్ళు. ఎండదెబ్బ! పాతిక బ్యాచ్‌ల పిల్లలకి గర్భం లక్షణాలు వరసగా అప్పజెప్పించిన టీచర్ని నేను.

"ఎవరికి తెలుసు?"

"ఆయనకి. నానమ్మకి."

"నానమ్మకా? నువ్వు చెప్పావా?"

"చెప్పక్కర్లేకుండానే కనిపెట్టింది. నాకు వినిపించాలనేగా బాల్కనీలో నిలబడి అంతసేపు చెప్పింది? ఇప్పుడు వద్దనుకున్న ఆడదాన్ని పాపిష్ఠిదనే హక్కు ఎవరికీ లేదని. నానమ్మే అలా అందంటే ఇంక ఉంచుకోవాలనుకోవడం నా పిచ్చేనేమో అనుకున్నాను. వెళ్ళి టైము తీసుకున్నాను."

"మరి నా దగ్గరికి రావచ్చుగా?"

"వద్దామనే వచ్చాను. నువ్వు తలుపేసుకుని గీతకి ఇవతల వాళ్ళు, అవతల వాళ్ళు, రేపులు లాక్కోవడం... నన్ను తిట్టడానికి ప్రాక్టీసు చేస్తున్నావనుకున్నాను. నువ్వేమో నానమ్మలా, నానమ్మేమో నీలా. మీ ఇద్దరికీ మతి పోయిందా, నాకు పోయిందా?"

నేను నవ్వాను. నవ్వకూడని సమయం. అది ఏడ్చింది. అప్పుడు కూర్చోబెట్టి చీటీల సంగతి చెప్పాను. కళ్ళు తుడుచుకుంది.

"పోటీనా?" అంది.

"పోటీయే."

"మీ పోటీ కోసం నేను..."

"అది తర్వాత తిడుదువు గాని. ముందు ఇది చెప్పు. నీకేం కావాలి?"

యూనిఫాం గుండీ తిప్పుతూ నా వైపు చూసింది. ఈ ప్రశ్న దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదని ఆ చూపులోనే తెలిసింది. నా మనసులో అప్పటికే ఒక జవాబు ఉంది. అది ఏ పక్షమో రాయను. నోరు మాత్రం కట్టేసుకున్నాను. నా జన్మలో నేను చేసిన అతి కష్టమైన పని అదే.

"నాకు బిడ్డ కావాలి" అంది. "మొదటి రోజు నుంచీ కావాలి. రైలూ కావాలి. శిక్షకురాలి పోస్టూ కావాలి. అన్నీ అడిగితే ఆశపోతునంటారు."

"ఆశపోతువే. మా పెంపకం."

"జాగ్రత్తగానే ఉన్నాం అమ్మమ్మా."

"నూటికి నూరని ఏ సాధనానికీ నేను బోర్డు మీద రాయలేదు."

అప్పుడు వియ్యపురాల్ని కేకేశాను. వచ్చింది, విన్నది, కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. గడుగ్గాయి తల ఒళ్ళోకి తీసుకుంది.

"అది చీటీ మాట తల్లీ, నా మాట కాదు. కావాలన్నావు, ఇంక నేను దేవుణ్ణి అడగాల్సిందేం లేదు. నువ్వు వద్దని ఉంటే..."

ఆ వాక్యం ఆవిడ పూర్తి చెయ్యలేదు. నేనూ అడగలేదు. కానీ చెయ్యి మాత్రం దాని తల మీద నుంచి తియ్యలేదు. అది చూశాను.

శుక్రవారం

పొద్దున్నే పళ్ళ డాక్టర్ని కిందకి పిలిపించాం. ఒక సోఫాలో మేమిద్దరం, ఎదురుగా స్టూలు మీద అతను. పాపం, రోజూ జనాన్ని కుర్చీలో పడుకోబెట్టి భయపెట్టే మనిషి.

"వచ్చే ఏడాది చూద్దామన్నావట బాబూ?"

"ఆ పోస్టంటే తనకి ప్రాణం అమ్మమ్మగారూ. నా వల్ల పోయిందని రేపు అనుకుంటుందేమోనని. తనకి కావాలని నాకు చెప్పలేదు."

"నువ్వడిగావా?"

"తనే చెబుతుందనుకున్నాను."

"మీ ఆయన అడగలేదంటాడు, నువ్వు చెప్పలేదంటావు" అంది వియ్యపురాలు గడుగ్గాయితో. "ఒక కొంపలో ఉంటున్నారా, రెండు ప్లాట్‌ఫారాల మీద ఉంటున్నారా?"

అతను కళ్ళు తుడుచుకుని నవ్వాడు. నవ్వితే పళ్ళు బావుంటాయి, వృత్తిధర్మం. క్లినిక్‌కి ఫోను చేసి శనివారం రావట్లేదని గడుగ్గాయి తనే చెప్పింది. ఫోను పెట్టేసి ఆమ్లెట్టు అడిగింది. సగం తిని పరుగెత్తిందనుకోండి. అయినా అడిగింది.

బిడ్డ సంగతి తేలింది. మిగిలింది డిపో.

శనివారం

పోటీ.

హాలు నిండింది. ముందు వియ్యపురాలు లేచి, నియమం ప్రకారం నా పక్షం వాదన చెప్పింది. ఒక్క మాటే చెప్పింది: "తను చూసుకోవలసినదాన్ని, నోరు లేనిదాన్ని, లేదనుకోవడం కుదరదని ఎదుటి పక్షం అంటున్నారు. కళ్ళు మూసుకున్నంత మాత్రాన అవతలివాళ్ళు లేకుండా పోరని." నేను రాసుకున్న పేజీలన్నీ కలిపినా అంత లేదు. తల ఊపాను. ఊపక చస్తానా.

తర్వాత ఆవిడ తన పక్షం మొదలుపెట్టింది. నేను నేర్పినదేదీ చెప్పలేదు. వాళ్ళ అక్క గురించి చెప్పింది. ఇంక కంటే బతకవమ్మా అని డాక్టర్లు చెప్పినా, ఆపించుకోవడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదట. అక్కని ఎవరూ అడగలేదట. "నేను దేవుణ్ణి నమ్ముతాను. ఆ రోజు మా ఇంట్లో నిర్ణయం తీసుకున్నది దేవుడు కాదు, మా నాన్న, మా బావ" అని కూర్చుంది. జడ్జిగారు నమోదైందని కూడా అనలేదు.

నా వంతు. ఆవిడ పక్షాన్ని చెప్పాను, తల ఊపింది. నా గీత, నా రేపులు, అన్నీ చెప్పాను. గర్భనిరోధకం దగ్గర కుంటుతూనే దాటాను. చివర్న కాగితం పక్కన పెట్టేశాను.

"ఇంకో కారణం చెబుతాను, ఇది దేవుడున్నా లేకపోయినా ఒకటే. ఒక అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. నెల తప్పిందంటే ఉద్యోగం లాగేసి గొడుగుల కాపలా ఇస్తారు. బిడ్డో, బతుకో తేల్చుకోమంటారు. తేల్చుకున్నాక 'నీ ఇష్టమేగా' అంటారు. అది ఇష్టం కాదు, గెంటివేత. లోకం తన కుర్చీలు సర్దుకోవడం ఇష్టం లేక ఆ పిల్ల కడుపుని సర్దుకోమంటోంది. ఈ సౌకర్యం ఆడదాని కోసం అని నన్ను నమ్మించకండి. చాలాసార్లు అది మేనేజర్ల కోసం!"

చప్పట్లు. వెనక వరసలో గడుగ్గాయి ఈల వేసింది. రైలు నడిపేవాళ్ళ ఈల.

చేతులు లెక్కపెట్టారు. వియ్యపురాలు గెలిచింది.

ఆదివారం

హాల్లో మైకు సరిగ్గా లేదు. వెనకవాళ్ళకి నా మాటలు సగమే వినపడ్డాయి. ఈ సంగతి నాకు ఓడిపోయాక తట్టింది కాదు.

వియ్యపురాలు బహుమతిగా వచ్చిన గాజు కప్పు పట్టుకొచ్చి నా షెల్ఫులో పెట్టింది. "దీన్ని నా ప్రార్థన గదిలోకి తీసుకెళ్ళలేను వదినగారూ. గెలిచిన మాటలు మీవి కదా."

"ఓడిన మాటలు మీవి. మరి వాటినేం చెయ్యను?"

"దగ్గర పెట్టుకోండి. మీకు బాగానే అతుక్కున్నాయి."

అతుక్కోలేదు.

సోమవారం

గడుగ్గాయిని నా కుర్చీలో కూర్చోబెట్టి డిపో మేనేజరు వాదన చెప్పమన్నాను. వాడికంటే బాగా. మొదటిసారి తిట్లు తప్ప ఏం రాలేదు. వియ్యపురాలు మేనేజరు వేషం కట్టి, నడుముకి దిండు పెట్టుకుని "తల ఊపనమ్మా, ఇంకా బాగా చెప్పాలి" అంటూ కూర్చుంది. పొద్దు గూకే వేళకి ఊపింది.

బుధవారం

గెలిచాం!

గెలిచింది అది, సరే. కానీ నేను నేర్పిన పద్ధతి. ఆవిడ దిండు.

డిపోకి మేమిద్దరం కూడా వెళ్ళాం, ఊరికే కూర్చోవడానికి. మేనేజరు గది బయట బెంచీ. తలుపు కొంచెం తెరిచే ఉంది, చెవి పెడితే అంతా వినపడేదే. కానీ వియ్యపురాలు పక్కనే కూర్చుని పెదాలు కదుపుతూ మొదలుపెట్టి, కాసేపటికి పైకే ప్రార్థన అందుకుంది. నాకు దేవుడికి చెప్పినవన్నీ వినపడ్డాయి, మేనేజరుకి చెప్పినవి ఒక్కటీ వినపడలేదు. "ఆయనకి చెవుడా? మెల్లగా చెప్పండి" అన్నాను. వినలేదు.

బయటికొచ్చాక క్యాంటీన్లో సూపు తాగుతూ గడుగ్గాయి యాక్షన్‌తో సహా చెప్పింది.

"సార్, ముందు మీ మాట చెబుతాను, తప్పుంటే ఆపండి. గర్భవతి అయిన డ్రైవరు సొరంగంలో ఉండగా కళ్ళు తిరిగి పడిపోతే, వెనక పెట్టెల నిండా జనం ఉంటారు. చెయ్యి వెయ్యడానికి పక్కన ఇంకో మనిషి ఉండడు. రేపు ఏమైనా అయితే ఆ పిల్ల మొహం మీరు చూడలేరు, ఆ జనానికి జవాబు చెప్పలేరు. మీరు దింపేస్తున్నది శిక్షించడానికి కాదు, భయపడి. అంతేనా సార్?"

ఆయన కుర్చీలో ముందుకి జరిగాడట. ఇన్నేళ్ళలో తన మాట ఇంత బాగా ఎవరూ చెప్పలేదట. యూనియన్ వాళ్ళు వస్తే అరుస్తారు, పైవాళ్ళు ఫోను చేస్తే అరుస్తారు. తల ఊపాడట. ఒకసారి కాదు, గడియారం లోలకంలా.

"అంటే మీ అభ్యంతరం గర్భవతి క్యాబిన్‌లో ఒంటరిగా ఉండకూడదని."

"అదే. అంతకుమించి నాకేం లేదమ్మా."

"ఒప్పుకుంటున్నాను సార్. నేనూ ఒంటరిగా ఉండను. శిక్షకురాలు క్యాబిన్‌లో ఎప్పుడూ ఒంటరిగా ఉండదు కదా. పక్కన నేర్చుకునే డ్రైవరు ఉంటాడు. బండి నడిపేది అతనే. మీ భయానికి మందు నన్ను ఆ పోస్టులో వెయ్యడమే. గొడుగుల దగ్గర ఒంటరిగా పడిపోతే మాత్రం చూసేవాళ్ళు లేరు."

మేనేజరు పెన్ను తీశాడట. పెట్టాడట. మళ్ళీ తీశాడట. "మరి పురుడు?" అన్నాడట.

"సెలవు మీద వెళ్తాను, తిరిగొస్తాను. మీకు మోకాలి ఆపరేషన్ అయితే మీరు రాలేదా సార్?"

ఆ మోకాలి సంగతి దానికి ఎవరు చెప్పారో! మేం నేర్పలేదు. అది దాని సొంతం.

పోస్టు దానిదే. పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చున్న స్నేహితురాల్ని కూడా శిక్షణ గదికి మార్చమని అడిగి మరీ బయటికి వచ్చింది. ఆయన అదీ ఒప్పుకున్నాడు. అప్పటికే తల ఊపడం అలవాటైపోయి ఉంటుంది.

తిరిగి వస్తుంటే వియ్యపురాలు "దేవుడు నా మొర విన్నాడు" అంది.

"విననిస్తే మేమూ వినేవాళ్ళం" అన్నాను.

గడుగ్గాయి మా ఇద్దరి మధ్యా నడుస్తూ చెరో చెయ్యీ పట్టుకుంది. రోడ్డు దాటడానికి పట్టుకుందని వియ్యపురాలు అనుకుంటోంది. అది అంత చిన్నపిల్ల కాదు, మేమే అంత పెద్దవాళ్ళం అయ్యామని నేను చెప్పలేదు. ఇవాళ ఆవిడతో దెబ్బలాడాలని లేదు.

శనివారం. చాలా వారాల తర్వాత

రాయడం మానేశాను, సంతోషంగా ఉన్నప్పుడు నాకు రాయడం రాదు. ఇవాళ్టిది మాత్రం రాయాలి.

గడుగ్గాయి నేర్పిన మొదటి కుర్రడ్రైవరు ఇవాళ తొలిసారి జనంతో ఉన్న రైలు నడిపాడు. పక్క సీట్లో అది. బొజ్జ యూనిఫాంలో పట్టక పళ్ళ డాక్టరు చొక్కా పైన వేసుకుంది. నేనూ వియ్యపురాలూ రైలు ఎక్కుతామని చెప్పలేదు, చెబితే వద్దంటుంది. ముందు పెట్టెలోనే ఎక్కాం.

బండి కదిలింది. వియ్యపురాలు కళ్ళు మూసుకుంది. బ్రేకు వేసినప్పుడల్లా నేను ముందు కమ్మీ పట్టుకున్నాను, కుర్రాడి మీద నమ్మకం లేక కాదు. రెండో స్టేషన్ దాటాక మైకు గరగరలాడింది. ముందు ఆ కుర్రాడి గొంతు, తడబడుతూ, వచ్చే స్టేషన్ పేరు. తర్వాత దాని గొంతు. డిపో వాళ్ళు రాసిచ్చిన మాటలు కావని మొదటి ముక్కకే తెలిసింది.

"ఇది శిక్షణ రైలు. ఆందోళన పడకండి. క్యాబిన్‌లో ముగ్గురం ఉన్నాం."

ఎదురు సీటాయన పేపరు లోంచి తలెత్తి "ముగ్గురా? ఎందుకంత మంది?" అన్నాడు పక్కావిడతో. ఆవిడ భుజాలెగరేసింది.

వియ్యపురాలు కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఒకరి వాదన ఒకరం ఎన్ని రోజులు అప్పజెప్పుకున్నామో, ఎంత గొంతు చించుకున్నామో, ఎన్ని గీతలు గీసి చెరిపామో. అదేమో బండి నడిచే హడావుడిలో, ఏ పక్షమూ తీసుకోకుండా, లెక్క చెప్పేసింది.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. వియ్యపురాలు కూడా లేచింది. కదిలే రైల్లో ఇద్దరు ముసలాళ్ళు కమ్మీ వదిలేసి చప్పట్లు కొడుతుంటే జనం మమ్మల్ని వింతగా చూశారు. ఎదురు సీటాయన పేపరు మడిచి పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ. మేం ఆఖరి స్టేషన్ దాకా నిలబడే ఉన్నాం.